వెంచర్‌లో ప్లాటు కొనే ముందు తనఖా ప్లాట్ల లెక్క ఎలా చూసుకోవాలి

వెంచర్ బోర్డు మీద అనుమతి ఇచ్చిన సంస్థ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నలభై అడుగుల రోడ్లు, భూగర్భ డ్రైనేజీ, పార్కు, వీధి దీపాలు అన్నీ వరుసగా రాసి ఉంటాయి. ఇవన్నీ డెవలపర్ చేయకుండా వెళ్లిపోతే ఎవరు చేస్తారు, ఎవరి డబ్బుతో చేస్తారు అన్న ప్రశ్నకు మాత్రం బోర్డులో జవాబు ఉండదు. జవాబు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన ఒక తనఖా దస్తావేజులో ఉంటుంది.

భూమిని ప్లాట్లుగా విడగొట్టి అమ్ముకోవడానికి అనుమతి కావాలంటే, రోడ్లు, మురుగు కాలువలు, నీళ్లు, కరెంటు సొంత ఖర్చుతో సమకూరుస్తానని డెవలపర్ ఒప్పుకోవాలి. ఆ మాట తప్పకుండా ఉండటానికి అనుమతి ఇచ్చే సంస్థ ఒక హామీ పుచ్చుకుంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల హెచ్‌ఎండీఏ అయినా, ఆంధ్రప్రదేశ్‌లో సీఆర్‌డీఏ, వీఎంఆర్‌డీఏ వంటి పట్టణాభివృద్ధి సంస్థలైనా, అవి లేని చోట డీటీసీపీ (పట్టణ ప్రణాళికా విభాగం) అయినా పద్ధతి దాదాపు ఒకటే. ప్లాట్లలో సాధారణంగా 15 శాతం సంస్థ పేరిట తనఖా పెట్టాలి. పనులన్నీ పూర్తయ్యాక సంస్థ వాటిని విడుదల చేస్తుంది. పూర్తి చేయకపోతే వాటిని స్వాధీనం చేసుకుని, అమ్మి, ఆ డబ్బుతో పనులు చేయించే హక్కు సంస్థకు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి భూమి అభివృద్ధి నియమాల్లోనూ ఈ 15 శాతం ఉంది.

మీ ఇంటి ముందు రోడ్డుకు నిజమైన పూచీ ఇదే. అది ఎంత గట్టిదో కొనేముందు మీరే తూకం వేసుకోవాలి, కొన్న తర్వాత అది ముందే జారిపోకుండా మీరే కాపలా కాయాలి. ఆఫీసులో ఆ పని చేయాల్సినవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ రోడ్డు లేకపోతే వానాకాలంలో బురదలో నడిచేది వాళ్లు కాదు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. అనుమతి లేని లేఅవుట్‌లో, అంటే పొలాన్ని ముక్కలు చేసి పంచాయతీ ముద్రతో అమ్మే చోట, ఇలాంటి తనఖా ఉండదు. అక్కడ హామీ దారుడు లేడు. తెలంగాణలో 2020 ఆగస్టులో ప్రకటించిన ఎల్‌ఆర్‌ఎస్‌కు, అంటే అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకానికి, దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అలా దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు క్రమబద్ధీకరణ రుసుము తమ జేబులోంచే కట్టాలి. అమ్మినవాడు కట్టాల్సిన ఖర్చు కొన్నవాడి మీద పడిందన్నమాట. అలాంటి ప్లాటు చూస్తున్నట్లయితే ఈ వ్యాసం మీకు ఉపయోగపడదు. ధర ఎంత తక్కువగా ఉన్నా ఇంకోసారి ఆలోచించండి.

ముందుగా: అనుమతి ఏ దశలో ఉంది?

"అప్రూవల్ వచ్చింది" అని ఏజెంట్ చెప్పగానే, తాత్కాలిక అనుమతా, తుది అనుమతా అని అడగండి. తాత్కాలిక అనుమతి అంటే నక్షా బాగుందని, ఇక పనులు చేసుకోవచ్చని చెప్పడం మాత్రమే. తుది అనుమతి పనులు పూర్తయ్యాక, అధికారులు తనిఖీ చేశాక వస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న కాలంలోనే తనఖా బతికి ఉంటుంది, చాలామంది కొనేదీ ఆ కాలంలోనే.

ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) ఒక్కటే తీసుకుని తృప్తి పడవద్దు. అనుమతి ప్రొసీడింగ్స్ పూర్తి కాపీ అడగండి. మొదటి పేజీ చూపించి తిరిగి జేబులో పెట్టుకునే ఏజెంట్లు ఉంటారు. మీకు కావలసింది వెనక ఉన్న షరతుల పేజీలు. చేయాల్సిన పనుల జాబితా, వాటికి ఇచ్చిన గడువు, తనఖా పెట్టిన ప్లాట్ల నంబర్లు, తనఖా దస్తావేజు నంబరు, తుది అనుమతికి ముందు ఏవి అమ్మవచ్చు, ఏవి అమ్మకూడదు, ఇవన్నీ ఆ పేజీల్లోనే ఉంటాయి. కాపీ ఇవ్వడానికి డెవలపర్ నీళ్లు నమిలితే, అదే మీకు మొదటి సమాచారం.

నక్షాలో తనఖా ప్లాట్లను గుర్తించండి

మంజూరైన నక్షా మీద ఆఫీసు ముద్ర, సంతకం ఉంటాయి. బ్రోచర్‌లో ఉన్న రంగుల బొమ్మ నక్షా కాదు. అసలు నక్షాలో తనఖా ప్లాట్లను వేరే రంగుతోనో గీతలతోనో చూపిస్తారు, పక్కన పట్టికలో నంబర్లు ఇస్తారు. ఆ నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి. మీకు చూపిస్తున్న ప్లాటు ఆ జాబితాలో ఉంటే అక్కడితో మాట ఆపేయండి. "రెండు నెలల్లో రిలీజ్ అవుతుంది, అందుకే తక్కువకు ఇస్తున్నాం" అనే మాట మీరు తప్పకుండా వింటారు. రిలీజ్ అయ్యాకే వస్తానని చెప్పండి.

ఇంకోటి చూడండి. తనఖా పెట్టిన ప్లాట్లు లేఅవుట్‌లో ఎక్కడున్నాయి? ప్రధాన రోడ్డు పక్కనున్న మంచి ప్లాట్లు అయితే హామీకి విలువ ఉంటుంది. హైటెన్షన్ తీగల కిందో, చెరువు వైపు పల్లంలోనో, రోడ్డు చేరని చివరి మూలలోనో ఉంటే, 15 శాతం అన్న అంకె సరిపోయినా దాని వెనుక ఉన్న డబ్బు సరిపోదు.

ఈసీ ఒక్కసారి కాదు, మూడు రకాలుగా తీయండి

ఈసీ అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపించే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో దాన్ని వెతుక్కోవచ్చు. అయితే ప్లాటు నంబరుతో మాత్రమే వెతికి "ఏమీ లేదు, క్లీన్‌గా ఉంది" అనుకుంటే పొరపాటు జరగవచ్చు. తనఖా దస్తావేజు కొన్నిసార్లు సర్వే నంబరు కింద నమోదై ఉంటుంది, ప్లాటు నంబరుతో వెతికితే బయటపడదు. కాబట్టి మొదట మీ ప్లాటు నంబరుతో, తర్వాత మొత్తం సర్వే నంబర్లతో, ఆ తర్వాత ప్రొసీడింగ్స్‌లో ఉన్న తనఖా దస్తావేజు నంబరు, సంవత్సరంతో వెతకండి. మూడో వెతుకులాటలో తనఖా దొరకాలి. దొరకలేదంటే తనఖా రిజిస్టరు కాలేదన్నా అనుకోవాలి, లేదా మీకు ఇచ్చిన నంబరు తప్పన్నా అనుకోవాలి. రెండూ మంచివి కావు.

దొరికిన ఎంట్రీలో రాసిచ్చినవారు డెవలపర్ లేదా భూయజమానులు, రాయించుకున్నవారు అనుమతి ఇచ్చిన సంస్థ తరఫు అధికారి, సాధారణంగా కమిషనర్, అయి ఉండాలి. అదే ప్లాట్ల మీద ఏదైనా బ్యాంకు పేరు కూడా కనిపిస్తే జాగ్రత్త. ఒకే ప్లాటు రెండు అప్పులకు హామీ అయితే పనులకు మిగిలేది తక్కువ. తనఖా విడుదలైందని డెవలపర్ చెబుతుంటే, విడుదల దస్తావేజు కూడా ఈసీలో ఎంట్రీగా కనిపించాలి. జిరాక్స్ కాపీ చూపించి ముగించనివ్వకండి. తెలంగాణలో భూమి మొదట వ్యవసాయ భూమిగా ఉండి తర్వాత నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్పు) అయినట్లయితే, అంతకు ముందు చరిత్ర ధరణిలో, ఇప్పుడు భూభారతిలో విడిగా చూడాల్సి ఉంటుంది.

హామీ సరిపోతుందా? లెక్క కట్టండి

దాదాపు ఎవరూ చేయని పని ఇది. పది నిమిషాలు చాలు, క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

పది ఎకరాల లేఅవుట్ అనుకోండి. ఎకరానికి 4,840 గజాలు, మొత్తం 48,400. రోడ్లు, పార్కు, ఖాళీ స్థలాలు పోగా 55 శాతం ప్లాట్లకు మిగిలిందనుకుంటే 26,620 గజాలు. అందులో 15 శాతం అంటే సుమారు 4,000 గజాలు తనఖాలో ఉంటుంది.

ఊరికి దూరంగా, గజం ₹5,000 పలికే చోట ఆ 4,000 గజాల విలువ ₹2 కోట్లు. కానీ రోడ్లు సగంలో ఆగిపోయిన వెంచర్‌లో, అధికారులు వేలం వేసే ప్లాటుకు పూర్తి ధర ఎవరిస్తారు? పావు వంతు తగ్గించి ₹1.5 కోట్లు వస్తుందనుకోండి. ఇక పనుల ఖర్చు. రోడ్లు, కాలువలు, మురుగు పైపులు, నీటి ట్యాంకు, కరెంటు అన్నీ కలిపి ఎకరానికి ₹40 లక్షలనుకుంటే పదెకరాలకు ₹4 కోట్లు. ఈ అంకె ఊహే. మీ ప్రాంతంలో సివిల్ పనులు చేసే కాంట్రాక్టరును అడిగి అసలు అంకె వేసుకోండి.

అంటే ఏ పనీ మొదలుపెట్టకుండా డెవలపర్ చేతులెత్తేస్తే ₹2.5 కోట్లు తక్కువ పడుతుంది. ఆ లోటు మిగతా 22,600 గజాల ప్లాట్లు కొన్నవాళ్ల మీద పడితే గజానికి దాదాపు ₹1,100. రెండు వందల గజాల ప్లాటుకు ₹2.2 లక్షలు. బ్రోచర్ ధరకు ఈ మొత్తం కలిపి చూసుకోండి, అప్పుడు పక్క వెంచర్‌తో పోలిక సరిగా ఉంటుంది. సగం పనులు అయిపోయాక కొంటే మిగిలిన పని ₹2 కోట్లు, హామీ ₹1.5 కోట్లు, లోటు ₹50 లక్షలు. అప్పుడు మీ వంతు ₹44,000 చిల్లర. గజం ₹20,000 పలికే చోట ఇదే లెక్క వేస్తే తనఖా విలువ ₹8 కోట్లవుతుంది, పావు వంతు తగ్గించినా ₹6 కోట్లు, అంటే హామీ పనుల ఖర్చుకు ఒకటిన్నర రెట్లు. అక్కడ డెవలపర్ పని ఎగ్గొట్టడు. తన ప్లాట్లు విడిపించుకోవడానికి తొందరపడతాడు.

మన పద్ధతిలోని లోపం ఈ లెక్కలోనే బయటపడుతుంది. హామీని ప్లాట్ల శాతంతో కొలుస్తున్నాం, పనుల ఖర్చుతో కొలవడం లేదు. ఒక కిలోమీటరు రోడ్డు వేయడానికి షాద్‌నగర్‌లో అయ్యే ఖర్చు, కోకాపేటలో అయ్యే ఖర్చు ఆకాశమంత తేడాగా ఉండవు. భూమి ధరలు మాత్రం ఉంటాయి. అమెరికాలో కాలిఫోర్నియా సబ్‌డివిజన్ మ్యాప్ చట్టం ప్రకారం ఇంజనీరు వేసిన పనుల అంచనాలో 50 నుంచి 100 శాతం వరకు హామీ ఇవ్వాలి. అది బాండు రూపంలోనో నగదు డిపాజిట్‌గానో ఉంటుంది. అక్కడ ఇల్లు కొంటున్న మన బంధువులు కౌంటీ ఆఫీసులో ఆ అంచనా అడిగి చూడవచ్చు. ఇక్కడ అలాంటి అంచనా మీరే వేసుకోవాలి, అందుకే ఇంత లెక్క.

వెంచర్‌లో నడవండి, కారు దిగి

షరతుల పేజీలోని పనుల జాబితా చేతిలో పట్టుకుని వెళ్లండి. వీలైతే వాన పడిన మర్నాడు వెళ్లండి. ప్రవేశద్వారం దగ్గర కమాను, ఫౌంటెన్, రంగు రాళ్ల దారి ముందుగా కంటపడతాయి. షరతుల్లో కమాను లేదు. అన్నిటికన్నా ముందు పూర్తయ్యేది అదే, ఎందుకో చెప్పనక్కర్లేదు.

రోడ్డు దగ్గర వెడల్పు కొలవండి. నక్షాలో నలభై అడుగులు అంటే కాలువతో కలిపి హద్దు నుంచి హద్దుకు నలభై. తారు మాత్రమే నలభై కాదు. అయినా హద్దురాళ్ల మధ్య ముప్పై అయిదే వస్తే ఎవరో ప్లాటు జరుపుకున్నారన్నమాట. రోడ్డు మధ్యలో ఒక బాటిల్ నీళ్లు పోయండి. రెండు పక్కలకూ పారాలి. మధ్యలోనే నిలిస్తే రోడ్డుకు వాలు ఇవ్వలేదు, రెండు వానాకాలాలకే గుంతలు పడుతుంది. తారు అంచు దగ్గర కింద కంకర పొర ఎంత ఉందో కనిపిస్తుంది. గ్రావెల్ మీద నేరుగా పలచగా తారు పూసి ఉంటే, అది అధికారుల తనిఖీ కోసం వేసిన రోడ్డు.

ఎక్కువ సేపు కాలువల దగ్గర గడపండి. కాలువ ఎక్కడ మొదలైందో కాదు, ఎక్కడ ముగుస్తుందో చూడాలి. దాని వెంట చివరిదాకా నడవండి. చాలా వెంచర్లలో వరద కాలువ ప్రహరీ గోడ దగ్గర ఆగిపోతుంది, లేదా పక్క రైతు పొలంలోకి వదిలేస్తారు. మొదటి ఏడాది రైతు ఊరుకుంటాడు, రెండో ఏడాది మట్టి పోసి మూసేస్తాడు, తర్వాత నీళ్లు మీ ప్లాట్లలోకి వస్తాయి. ఆ నీరు ఏదైనా నాలాకో చెరువుకో చట్టబద్ధంగా కలవాలి. మురుగు పైపుల దగ్గర ఒకటి రెండు మ్యాన్‌హోల్ మూతలు ఎత్తించండి. లోపల పైపు ఉందా, ఒకదాని నుంచి ఇంకొకదానికి వెళుతోందా? చివర్లో సెప్టిక్ ట్యాంకో శుద్ధి ప్లాంటో ఉండాలి. మూతలు మాత్రమే ఉండి కింద ఏమీ లేని వెంచర్లు లేకపోలేదు.

కరెంటు స్తంభాలు పాతినంత మాత్రాన కరెంటు వచ్చినట్లు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉందా, తీగల్లో విద్యుత్తు పారుతోందా చూడండి. అనుమానం ఉంటే స్థానిక విద్యుత్ సంస్థ సెక్షన్ ఆఫీసులో, లేఅవుట్‌కు అంచనా మంజూరైందా, డెవలపర్ డబ్బు కట్టారా అని అడగండి. నీటి ట్యాంకు విషయంలోనూ అంతే. ట్యాంకు ఎక్కి చూడనక్కర్లేదు; దాని కింద బోరు ఉందా, మోటారు నడుస్తోందా, ఏ ప్లాటు దగ్గరైనా కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయా చూస్తే చాలు.

పార్కు స్థలానికి ప్రహరీ వేశారా, ఆ స్థలం నక్షాలో చూపిన చోటే ఉందా చూడండి. పార్కును మూల ప్లాట్ల వైపు జరిపి ముందు వైపు స్థలాన్ని ప్లాట్లుగా అమ్మేయడం పాత అలవాటు. తుది అనుమతికి ముందు రోడ్లు, ఖాళీ స్థలాలు స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ ద్వారా అప్పగించాలి. ఆ డీడ్ రిజిస్టరైందా అన్నది కూడా ఈసీలోనే తెలుస్తుంది. గిఫ్ట్ డీడ్ లేని పార్కు కాగితం మీద ఇంకా డెవలపర్‌దే.

చూసినదంతా తేదీ పడేలా ఫొటోలు తీయండి. ఇవి తర్వాత అవసరమవుతాయి.

రెరా పేజీ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

500 చదరపు మీటర్లకు మించిన భూమి లేదా ఎనిమిదికి మించిన ఇళ్లు ఉన్న ప్రాజెక్టు రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు కావాలి. 2016 నాటి కేంద్ర చట్టం ఇది. కొనుగోలుదారుల నుంచి వసూలు చేసిన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. భూమి, నిర్మాణ ఖర్చులకే అది వాడాలి. ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాకే పని జరిగిన మేరకు తీసుకోవాలి. తనఖా మీద ఇది రెండో తాళం.

రెరా వెబ్‌సైటులో మూడు నెలలకోసారి పని ఎంతవరకు వచ్చిందో డెవలపర్ నమోదు చేయాలి. ఆ నమోదును మీరు తీసిన ఫొటోలతో పోల్చండి. "డ్రైనేజీ 100 శాతం" అని అక్కడ ఉండి, మీరు చూసిన కాలువ గోడ దగ్గర ఆగి ఉంటే, ఆ తేడా భవిష్యత్తులో మీ ఫిర్యాదుకు ఆధారం. పూర్తి చేస్తామని డెవలపర్ ప్రకటించిన తేదీ కూడా అక్కడే ఉంటుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. రెరా నంబరు ఉన్నంత మాత్రాన పనులు పూర్తవుతాయనేం కాదు.

అగ్రిమెంట్‌లో ఏం రాయించుకోవాలి

రిజిస్టరు చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ప్రీలాంచ్ పేరుతో మొత్తం డబ్బు ముందే తీసుకునేవాళ్ల నుంచి బయటపడతారు.

అగ్రిమెంట్‌కు అనుమతి షరతుల్లోని పనుల జాబితాను అనుబంధంగా జతచేయించండి. "సకల సౌకర్యాలతో" అన్న పదానికి కోర్టులో పెద్దగా విలువ ఉండదు. "నక్షా ప్రకారం 40 అడుగుల బీటీ రోడ్డు" అన్న మాటకు ఉంది. పనులు పూర్తి చేసే తేదీ, ఆలస్యమైతే వడ్డీ, మీ ప్లాటు తనఖాలో లేదన్న స్పష్టమైన వాక్యం ఉండాలి. ధరలో కొంత భాగాన్ని తుది అనుమతి వచ్చాక ఇస్తానని బేరమాడండి. ఒప్పుకోని డెవలపర్లే ఎక్కువ. కానీ పైన వేసిన లెక్క చూపించి, ఇంత లోటు ఉంది కాబట్టి ఇంత ఆపుతున్నానంటే కొందరు దిగి వస్తారు, లేదా ధర తగ్గిస్తారు.

తనఖా ప్లాటే కొనేసి ఉంటే

రిజిస్ట్రేషన్ జరగకుండా అగ్రిమెంట్ మాత్రమే ఉంటే, ముందుగా డబ్బు కట్టిన రశీదులు, బ్యాంకు లావాదేవీలు ఒకచోట చేర్చండి. తనఖా పెట్టిన ప్లాటు అమ్మడం అనుమతి షరతుకు విరుద్ధమని డెవలపర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. అదే లేఅవుట్‌లో తనఖాలో లేని, సమాన విలువ ఉన్న ప్లాటు ఇవ్వమని, లేదా వడ్డీతో తిరిగి చెల్లించమని అడగండి. ఒకవేళ రిజిస్ట్రేషన్ కూడా అయిపోయి ఉంటే, మీ చేతికి వచ్చిన ప్లాటు సంస్థ తనఖాకు లోబడే వచ్చింది. అంటే డెవలపర్ పనులు చేయకపోతే మీ ప్లాటునే వేలం వేయవచ్చు. అలాంటప్పుడు న్యాయవాదిని కలవడం ఆలస్యం చేయవద్దు. మిగతా ప్లాట్లవాళ్ల కన్నా మీకే పనులు త్వరగా పూర్తి కావాల్సిన అవసరం ఎక్కువ కాబట్టి, కింద చెప్పే సంఘంలో ముందుండాల్సింది కూడా మీరే.

పనులు ఆగిపోతే

ఒంటరిగా ఫోన్లు చేయడం వల్ల ఫలితం ఉండదు. ప్లాట్లు కొన్నవాళ్లంతా ఒక సంఘంగా ఏర్పడి దాన్ని రిజిస్టరు చేయించండి. వాట్సాప్ గ్రూపు సంఘం కాదు.

సంఘం తరఫున రాసే మొదటి ఉత్తరం డెవలపర్‌కు కాదు, అనుమతి ఇచ్చిన సంస్థ కమిషనర్‌కు వెళ్లాలి. అందులో రెండు విన్నపాలు ఉండాలి. ఒకటి, ఫలానా పనులు పూర్తి కాలేదు కాబట్టి తనఖా ప్లాట్లను విడుదల చేయవద్దు. రెండు, గడువు దాటింది కాబట్టి తనఖా హక్కును వాడుకుని ఆ ప్లాట్లు అమ్మి పనులు చేయించండి. మొదటిది వెంటనే పని చేస్తుంది. ఫైలులో ఒక అభ్యంతర పత్రం ఉండగా విడుదల ఉత్తర్వు మీద సంతకం పెట్టడానికి ఏ అధికారీ తేలిగ్గా ముందుకు రాడు. రెండోది నెలలు, ఏళ్లు పట్టవచ్చు. ఎందుకంటే వేలం వేయడం, టెండర్లు పిలవడం ఆఫీసుకు అదనపు పని, డెవలపర్ కోర్టుకు వెళితే ఇంకా ఆలస్యం. అయినా అడగాల్సిందే, అడిగినట్లు రశీదు ఉండాల్సిందే. స్వీకరించిన ముద్ర లేని కాగితాన్ని ఆఫీసులో ఎవరూ ఎరగరు. కలెక్టరేట్లలో సోమవారం జరిగే ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో పీజీఆర్‌ఎస్‌లో (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలో) అదే ఉత్తరం ఇంకోసారి ఇవ్వండి.

దానికి తోడు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము ₹10, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రశ్నలు సూటిగా ఉండాలి: ఎల్పీ నంబరు ఫలానా లేఅవుట్‌లో తనఖా పెట్టిన ప్లాట్ల నంబర్లు, దస్తావేజు నంబరు, వాటిలో దేనినైనా విడుదల చేసి ఉంటే ఉత్తర్వు కాపీ, తేదీ, పనులు తనిఖీ చేసిన అధికారుల నివేదికల కాపీలు, గడువు పెంచి ఉంటే ఆ ఉత్తర్వు కాపీ, పార్కులు, రోడ్ల గిఫ్ట్ డీడ్ కాపీ. "ఎందుకు చేయలేదు" అని అడగవద్దు. దానికి సమాచారం లేదని రాసి పంపిస్తారు. తనిఖీ నివేదికలో కాలువలు పూర్తయ్యాయని ఉండి, మీ దగ్గర దానికి విరుద్ధంగా ఉన్న తేదీ వేసిన ఫొటోలు ఉంటే, ఇక కథ మీ చేతిలోకి వస్తుంది.

రెరాకు ఫిర్యాదు సెక్షన్ 31 కింద చేయవచ్చు. ఆలస్యానికి వడ్డీ, లేదా డబ్బు వాపసు అడగడం సెక్షన్ 18 కింద. ప్రాజెక్టు నమోదు గడువు తీరిపోయినా, రద్దయినా మిగిలిన పనులు ఎలా పూర్తి చేయాలో రెరా నిర్ణయించవచ్చు. ఆ పని తామే చేసుకుంటామని చెప్పే మొదటి అవకాశం కొనుగోలుదారుల సంఘానికి సెక్షన్ 8 ఇస్తోంది. చాలామందికి తెలియని సెక్షన్ ఇది. సంఘం రిజిస్టరై ఉండాలని పైన పట్టుబట్టింది అందుకే.

ఫ్లాటు కొనేవారికి

అపార్ట్‌మెంట్లలో హామీ ప్లాట్లతో కాదు, కట్టిన విస్తీర్ణంతో ఉంటుంది. తెలంగాణలో 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం, చిన్న సొంత ఇళ్లను మినహాయించి, కట్టే విస్తీర్ణంలో 10 శాతం అనుమతి ఇచ్చే సంస్థకు హామీగా పెట్టాలి. సాధారణంగా అది గ్రౌండ్, మొదటి లేదా రెండో అంతస్తులో ఉంటుంది. అనుమతి ప్రకారమే కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అది విడుదలవుతుంది. మొదటి అంతస్తులో ఫ్లాటు తక్కువ ధరకు వస్తోందంటే అది ఆ 10 శాతంలో ఉందేమో ప్లాన్ చూసి తేల్చుకోండి. ఆ ఫ్లాటుకు బ్యాంకు గృహరుణం ఇవ్వడానికీ వెనుకాడుతుంది.

తనఖా విడుదలయ్యాక

తుది అనుమతి వచ్చి తనఖా విడుదలైన రోజున డెవలపర్ మీద ఉన్న బరువు చాలావరకు దిగిపోతుంది. ఆ మరుసటి వానాకాలం రోడ్డు కుంగితే, ఇక మున్సిపాలిటీ పని అని చేతులు దులుపుకుంటాడు. అది పూర్తిగా నిజం కాదు. రెరా సెక్షన్ 14లో మూడో ఉపవిభాగం ఉంది. మీకు స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి అయిదేళ్లలోపు పనితనంలో, నాణ్యతలో, సౌకర్యాల కల్పనలో లోపం బయటపడి మీరు తెలియజేస్తే, ఎలాంటి ఖర్చు అడగకుండా 30 రోజుల్లో సరిచేయాల్సింది ప్రమోటరే. ఇది భవనాలకు మాత్రమే అని చాలామంది అనుకుంటారు. అగ్రిమెంట్‌లో రాసిన రోడ్లు, కాలువలు కూడా ప్రమోటర్ బాధ్యతలే. అందుకే స్వాధీన పత్రం తేదీని ఎక్కడో రాసి పెట్టుకోండి, అయిదో ఏడాది వానాకాలం ముగిసేలోగా సంఘం తరఫున మరోసారి వెంచరంతా నడిచి, కనిపించిన లోపాలన్నీ ఫొటోలతో సహా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఈమెయిల్‌లో కూడా పంపండి, కానీ అదొక్కటే చాలదు.